బసవన్న మనశ్శాంతి కమిటీ

పదహారేళ్లు సైన్యంలో పనిచేసి హవల్దారుగా ఇంటికొచ్చిన బసవన్న, ఎప్పుడో వదిలేసిన చదువు పూర్తి చేద్దామని 2003లో కర్నూలులోని ఒక ప్రైవేటు కాలేజీలో బి.ఏ.లో చేరాడు. ఒక సోమవారం ఉదయం అతను వేసుకున్న పథకం చాలా చిన్నది. పాఠాలు వినాలి, ఆఖరి గంట కొట్టగానే పరుగెత్తి కోడుమూరు అవతలి తన పల్లెకున్న ఒకే ఒక్క సాయంత్రం బస్సు పట్టుకోవాలి.

సాయంత్రం అటెండరు కంబన్న వరండాలో వేలాడే రైలు పట్టా ముక్కను సుత్తితో ఖణేల్‌మనిపించాడు. బసవన్న ఎగిరి, ఇద్దరు పిల్లల మీదుగా దూకి మాయమయ్యాడు. చరిత్ర చెప్పే సుచరిత మేడం హడలిపోయి ప్రిన్సిపాల్ రాఘవేంద్రప్రసాద్ దగ్గరికి పరుగెత్తింది.

"ఆ చప్పుడు తుపాకీ అనుకున్యాడు సార్, పాపం!"

రాఘవేంద్రప్రసాద్‌ది మెత్తని మనసు, మొండి పట్టుదల. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటే ఇరుగుపొరుగుకు సుఖం ఉండదు. వెంటనే ఆయన అధ్యక్షుడిగా మాజీ సైనిక విద్యార్థి మనశ్శాంతి కమిటీ ఏర్పడింది. గంట బంద్. పాత సంగతులు అతన్ని ఎవరూ అడగకూడదు, అతనే ఎత్తినా ఆపేయాలి.

మరునాడు గంట మోగలేదు. గంట మోగకముందే పాఠం ఆపితే మెమో ఇచ్చే కాలేజీ అది. సుచరిత మేడం మొఘలులతో మొదలుపెట్టి, స్వాతంత్ర్యం కూడా తెప్పించి, ఇక చెప్పడానికి చరిత్ర మిగలక గోడకు చేరగిలబడింది. బస్సు తప్పిపోయిన బసవన్న ఆ రాత్రి బస్టాండులో దోమలతో గడిపి, పొద్దున ఎర్రటి కళ్లతో వచ్చాడు.

"ఏమప్పా, నిద్ర పట్టలేదా?" అన్నాడు ప్రిన్సిపాల్.

"యాడ పడ్తాది సార్, ఆ బస్సు..."

"వద్దు! ఆ బస్సును తలుచుకోనే వద్దు!"

ఏ కొండల్లో ఏ సైనికుల బస్సు ఏమైపోయిందో ఊహించుకుని ప్రిన్సిపాల్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. క్యాంటీన్‌లో చప్పుడు చేసే స్టీలు గ్లాసులు మాయమయ్యాయి. అడుగుల చప్పుడు రాకూడదని అందరి చెప్పులూ గేటు దగ్గరే విప్పించారు. అవి కలిసిపోయి పిల్లలు కొట్టుకున్నారు, అదీ గుసగుసగా. బసవన్నకు మళ్లీ బస్సు తప్పింది, కళ్లు ఇంకా ఎర్రబడ్డాయి.

"సంవత్సరంపాటు ఇంటికాడ రెస్ట్ తీసుకోప్పా. సీటు సంగతి తర్వాత చూస్తాం" అన్నాడు ప్రిన్సిపాల్ జాలిగా.

సరిహద్దులో కూడా బసవన్న అంత భయపడలేదు. ఈసారి పోతే ఈ చదువు మళ్లీ దక్కదు.

"సార్, ఒక్క మాట చెప్పనీయండి! నేను దూకింది మా ఊరి బస్సు కోసం. మీరు గంట ఆపినప్పట్నుంచి బస్టాండులో పండుకుంటాండా. నా సీటు మాత్రం తీయద్దండి, మీకు దండం పెడ్తా!"

గుమ్మంలో నిలబడి విన్న సుచరిత మేడం, మిగిలిన గొంతునంతా కూడగట్టుకుని, "కంబన్నా, గంట కొట్టప్పా!" అని కేక పెట్టింది. చేతులు కట్టేసినట్టు కూర్చున్న కంబన్న ఆ కసినంతా సుత్తిలో చూపించాడు.

ఖణేల్‌మనగానే ప్రిన్సిపాల్ టేబుల్ కిందికి దూరాడు. తను ఊహించుకున్న ఆ బస్సులోని జనాన్ని తలుచుకుని ఆయనకూ రాత్రుళ్లు కునుకు లేదు మరి. బసవన్న వంగి ఆయన్ను బయటికి లాగి, నీళ్లు తాగించి, "ఎవురికీ ఏం కాలేదు సార్, అందరూ శానా బాగుండారు" అని వీపు నిమిరాడు.

డాక్టరు ఆయన్ను ఇంట్లో విశ్రాంతి తీసుకోమన్నాడు. కమిటీ అధ్యక్ష పదవి ఖాళీ కాగా అందరూ కలిసి బసవన్నను కూర్చోబెట్టారు. ప్రిన్సిపాల్ గారి మనశ్శాంతి కోసం ఆయన్ను ఎవరూ పరామర్శించకూడదని కమిటీ మొట్టమొదటి తీర్మానం చేసింది.