నిమ్మ వాసన వేసిన వాగు

అత్తగారి మీద కోడలికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆవిడ కంటికి ఈ లోకంలో ఏదీ శుభ్రంగా కనిపించదు. కొత్త గ్లాసులు తెస్తే దుకాణంలో ఎవరెవరు ముట్టుకున్నారోనని కడుగుతారు. సబ్బుపెట్టెను సబ్బు పెట్టి కడుగుతారు. ఫలానాది కడిగి పొరపాటు చేశానని ఆవిడ ఒప్పుకున్న దాఖలా ఆ ఇంట్లో లేదు.

ఆవిడ కొడుకు కాలుష్య నియంత్రణ శాఖలో ఇంజనీరు. ఊరి బయట సైన్యం వాళ్ళు విమానాల రన్‌వే కట్టబోతున్నారు. వాన పడితే రన్‌వే మీది నీళ్ళన్నీ పక్కనున్న వాగులోకే పోవాలి. అందుకు అనుమతి ఇచ్చేముందు, వాగు ఇప్పుడెంత శుభ్రంగా ఉందో తేల్చాలి. ఆ తేల్చే పని ఇంజనీరుది, కింద సంతకమూ అతనిదే. అందులో తేడా వస్తే ఊడేది కూడా అతని ఉద్యోగమే.

ఆ ఉదయం అనుకున్నది చాలా మామూలు పని. తెల్లవారగానే వాగు దగ్గరికి వెళ్ళి సీసాలు నింపడం, ల్యాబ్‌లో ఇచ్చేయడం, టిఫిను వేళకు ఇల్లు చేరడం. ల్యాబ్ ఇచ్చిన ఖాళీ సీసాల పెట్టెను ముందురోజే తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టుకున్నాడు. అన్నీ అనుకున్నట్టే జరిగాయి. టిఫిను కూడా వేడిగానే తిన్నాడు.

ఆ వారంలోనే ల్యాబ్ నుంచి ఫోనొచ్చింది. వాగు నీళ్ళలో సబ్బు ఉందట.

"సబ్బేమిటయ్యా?" అన్నాడు పెద్దాఫీసరు. "వాగుకి పైన ఒక్క ఇల్లు కూడా లేదని మనమే కదా రాశాం."

"అదే నాకూ అర్థం కావట్లేదు సార్."

"ఎవరో ఉన్నారన్నమాట. అక్కడ ఊరుంటే రన్‌వేని జరపాలి. రన్‌వేని జరిపితే ముందు నన్ను జరుపుతారు."

సంగతి రన్‌వే పనులు చూసే కల్నల్ చెవిన పడింది. లెక్కలో లేని మనుషులు అక్కడ బట్టలుతుక్కోడానికే వచ్చారంటే ఆయన నమ్మలేదు. వాగు వెంట పైకి గస్తీ పంపించాడు. పేపర్లో ‘వాగు పైన అజ్ఞాత గ్రామం’ అని పడింది. ఆ గ్రామానికి వెంటనే రోడ్డు వేయాలని ఒక నాయకుడు ధర్నాకు కూర్చున్నాడు.

ఇంజనీరు మళ్ళీ నీళ్ళు పట్టి చూద్దామనుకున్నాడు. కొత్త సీసాలు గట్టు మీద పెడుతూ ఇంట్లో అందరికీ వినబడేలా చెప్పాడు. "ఈసారి చాలా జాగ్రత్త. వీటిలో ఇసుమంత మురికి ఉన్నా నా ఉద్యోగం పోతుంది."

అత్తగారు ఆ మాటను బాగా మనసుకెక్కించుకున్నారు.

రెండో పరీక్షలో సబ్బు మూడింతలైంది. ల్యాబ్ వాళ్ళు అడక్కుండానే ఇంకో ముక్క కూడా చేర్చారు. నీళ్ళు నిమ్మ వాసన వేస్తున్నాయట.

అతను ఇంట్లో ఆ ముక్క పైకి చదువుతున్నప్పుడు కోడలు అంట్లు తోముతోంది. చేతిలో పీచును ఒకసారి వాసన చూసింది.

"అత్తయ్యా, ఈయన సీసాలు మీరుగానీ కడిగారా?" అంది, గిన్నె మీంచి చూపు ఎత్తకుండా.

"కడక్కుండా ఎలా పంపుతాం? పేరుకే ల్యాబ్. అడుగున ఏదో తడి అలాగే వదిలేశారు. వేలు పెడితే చుర్రుమంది. రెండోసారి పీచు పెట్టి మరీ తోమాను."

"అమ్మా, అది తడి కాదే. నీళ్ళు పాడవకుండా వాళ్ళు వేసిన మందు."

"మందైతే మాత్రం, అంటుకుంటే మురికి కాదూ?"

ఇంజనీరు కుర్చీలో కూలబడ్డాడు. "రేపు మీటింగులో చెప్పేస్తాను," అన్నాడు.

"మరి ఉద్యోగం?" అంది భార్య.

"దాన్నీ అమ్మ కడిగేసినట్టే."

"చెప్పేయండి. ఆ ఊరికి రోడ్డు పడకముందే చెప్పడం నయం."

మర్నాడు మీటింగులో అతను గొంతు సవరించుకునేలోపే కల్నల్ లేచి నిలబడ్డాడు. ముఖం కందిపోయి ఉంది.

"గస్తీకి మనుషులు దొరికారు. మా వాళ్ళే. సర్వేకి వచ్చిన జవాన్లు ఊట దగ్గరే డేరాలు వేసుకున్నారు. నెలల తరబడి బట్టలన్నీ అందులోనే ఉతుకుతున్నారు. వాగును పాడుచేసింది మేమే."

"సార్, ఆ సబ్బు మా ఇంటిది," అన్నాడు ఇంజనీరు. "సీసాలు మా అమ్మ కడిగింది."

గదిలో అందరూ అతన్ని ఆప్యాయంగా చూశారు. పెద్దాఫీసరు భుజం తట్టాడు. "కల్నల్ గారు చిన్నబోకూడదని కన్నతల్లి మీదికి తోసేస్తున్నావు. నీ మంచితనం మాకు తెలుసులేవయ్యా. కూర్చో."

అతను కూర్చోలేదు. ల్యాబ్ వాళ్ళనే వాళ్ళ సీసాలతో సహా వాగు దగ్గరికి తీసుకెళ్ళి, వాళ్ళ చేతే నీళ్ళు పట్టించాడు. ఆ నీళ్ళలోనూ సబ్బు ఉంది. కొంచెమే ఉంది, నిమ్మ వాసన లేదు. డేరాలు తీసి, వాగు తేరుకునేదాకా అనుమతి ఆగింది. లోపాన్ని ముందే పసిగట్టినందుకు ఇంజనీరును పెద్దాఫీసరు అందరి ముందూ మెచ్చుకున్నాడు.

ఇంటికొచ్చి తల్లి పక్కన కూర్చుని అంతా చెప్పాడు. "ఏదో కలిసొచ్చింది కాబట్టి బతికిపోయానమ్మా. లేకపోతే ఈపాటికి ఇంట్లో కూర్చునేవాణ్ణి."

అత్తగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచారు. కోడలు స్టవ్ కట్టేసి మరీ చెవి ఒగ్గింది.

"నిజమేరా నాన్నా, తప్పు నాదే," అన్నారావిడ. ఆ ఇంట్లో ఆ మాట వినబడటం అదే మొదటిసారి. "ఇంకో రెండు నీళ్ళు పోసి, సబ్బు పూర్తిగా వదిలేదాకా కడగాల్సింది."

అప్పటినుంచి సీసాల పెట్టె కారు డిక్కీలోనే, తాళంలో ఉంటోంది. ఈమధ్య డిక్కీ కూడా నిమ్మ వాసన వేస్తోంది.