రామసుబ్బయ్య ఇంగ్లీషు క్లాసు

ఈ పాపం మీదే! గల్ఫుకు మనుషులను ఎక్కించే ఏజెంట్లదీ, కొత్తవాళ్లకు "తలూపి బతుకు" అని నూరిపోసే పాతకాపులదీ. కువైట్‌లోని అహ్మదిలో రామసుబ్బయ్య పరువు పోయిందంటే పోగొట్టింది మీరే.

ఆ పొద్దున అనుకున్నది చిన్న పనే. క్యాంపులో ఏసీ చెడిపోయి మనుషులు ఉడికిపోతున్నారు. కంపెనీ ముదీర్, అంటే పెద్ద మేనేజరు, చూడటానికి వస్తున్నాడు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చిన రామసుబ్బయ్య ఏసీ సంగతి ఆయనకు చెప్పాలి.

ఇంతలో పక్కగది చైనా వెల్డరు లీ వచ్చాడు. కొత్తగా దిగినవాడు. పెద్దసారుతో మాట్లాడటానికి ఒక మంచి మాట నేర్పమని సైగలతో, ఫోనులో అనువాదంతో బతిమాలాడు. "టీచర్" అన్నాడు. ఆ పిలుపుకు రామసుబ్బయ్య ఉబ్బిపోయాడు.

"ఎక్స్‌లెంట్ అను. శానా బాగుందని అర్థం."

"ఎప్పుడు అనాలి?"

"సారు ఏమడిగినా."

"ఈ మాట ఎక్కడ పుట్టింది?"

రామసుబ్బయ్య కాస్త ఆలోచించాడు. "రాయచోటిలో. మా ఏజెంటు ఆఫీసులో."

లీ శ్రద్ధగల విద్యార్థి. వెల్డర్లందరికీ నేర్పేశాడు. మెస్సులో పులిసిన పప్పు వడ్డిస్తే అందరూ "ఎక్స్‌లెంట్" అన్నారు. వంటవాడు మురిసిపోయి మధ్యాహ్నానికీ అదే పప్పు ఉంచాడు.

"సుబ్బన్నా, ఏం మంత్రమేసినావన్నా వాళ్లకు?" అన్నాడు గదిలో ఉండే షావలి, కంచం పక్కకు నెడుతూ.

"సదువు షావలీ, సదువు. నీకేం తెలుస్తాది!"

ముదీర్ రానే వచ్చాడు. "ఏసీ ఎలా ఉంది?"

"ఎక్స్‌లెంట్!" వెల్డర్లు ఒక్క గొంతుతో అరిచారు. ముక్కుల మీద నుంచి చెమట కారుతోంది.

షావలి వెనక నుంచి పొడిచాడు. "ఇప్పుడన్నా సెప్పన్నా!"

ముదీర్ ఇటు తిరిగాడు. "నువ్వేమంటావు?"

ఇన్నేళ్ల అలవాటు రామసుబ్బయ్య నాలుకను పట్టుకుని లాగింది.

"ఎక్స్‌లెంట్, సర్."

"అయితే ఇంకో పదిమందిని ఇక్కడికే పంపుతాను."

"ఖలాస్!" అని షావలి నెత్తి పట్టుకున్నాడు.

లీ ఫోనులో సారు మాటకు అర్థం చూసి కంగారుపడ్డాడు, ఇంకేదో మాట వెతికాడు. ముదీర్‌కు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "నో సర్! ఏసీ బ్యాడ్. పప్పు బ్యాడ్. వెరీ బ్యాడ్!"

ముదీర్ ఏసీ ముందు చెయ్యి పెట్టి చూశాడు. సెగ తగిలింది. సాయంత్రానికి మెకానిక్ వచ్చాడు. గది చల్లబడింది గానీ, రామసుబ్బయ్య ముఖం మాత్రం ఇంకా కాలుతూనే ఉంది. లీ మెల్లగా పక్కన కూర్చున్నాడు.

"టీచర్, 'బ్యాడ్' అనే మాట మీకు తెలియదా? నేను నేర్పుతాను."

తెలుసు అని చెప్పడానికి రామసుబ్బయ్యకు తల లేవలేదు.

ఇక చాలు. కువైట్ విమానమెక్కే ప్రతి మనిషికీ ముందు "బ్యాడ్" అనడం నేర్పండి. నేర్పి, ఏజెంటు ముఖం మీదే అనిపించండి. రామసుబ్బయ్య గురించి బెంగ వద్దు, ఆయన లీ దగ్గర క్లాసులో చేరిపోయాడు.