మరుగుదొడ్డికి నాలుగో పునాది

ఊరికి మేస్త్రీలు అనవసరం. గోడ కట్టడం రానివాళ్ళు ఓ పన్నెండుమంది ఉంటే చాలు! ఏటా ఒక జట్టు విదేశీ వాలంటీర్లను దగ్గరుండి చూస్తున్నదాన్ని, అనుభవంతో చెబుతున్నాను.

మా బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదు. అందుకని మా చెల్లితో సహా వాళ్ళంతా మధ్యాహ్నం బెల్లుకి ఇళ్ళకు వెళ్ళిపోతారు, మళ్ళీ రారు. ఆ తరవాతి పిరియడు లెక్కలు. దాంతో మా ఆడపిల్లలకు లెక్కలంటే భయమే లేదు!

ఈ మరుగుదొడ్డి కట్టడానికే వాలంటీర్లు సముద్రాలు దాటి వస్తారు. మూడు వారాలు మా ఇళ్ళలో ఉంటారు, మాతో కలిసి పనిచేస్తారు. పక్క వీధివాళ్ళు పిలిచినా వస్తారా చెప్పండి?

ఈసారి మా ఇంట్లో దిగిన అమ్మాయి చాలా మంచిది. నాయనమ్మ ఏ పని చేస్తే తానూ అదే చేస్తానంటుంది. బిందె ఎత్తుకుంది, గుమ్మం చేరేసరికి సగం నీళ్ళు వీధికి ధారపోసింది. నాయనమ్మ మళ్ళీ కుళాయి దగ్గరికి వెళ్ళింది. అమ్మాయి చీపురు పట్టింది. చెత్తంతా మంచం కిందికి చేరింది. నాయనమ్మ మంచం జరిపింది. డెబ్భై ఏళ్ళ మనిషి చేత ఇంత వ్యాయామం ఏ డాక్టరు చేయించగలడు?

"ఆ పిల్లని కాసేపు కూర్చోబెట్టవే తల్లీ, నా పని నన్ను చేసుకోనీ" అంది నాయనమ్మ.

ఊరి బడిలో నేర్చిన ఇంగ్లీషుతో ఇక్కడ దుబాసీని నేనే. "మీరు అలసిపోతున్నారని బెంగ పెట్టుకుంది" అన్నాను. ఆ అమ్మాయి కరిగిపోయి చీపురు మళ్ళీ లాక్కుంది.

ఇక కట్టడం సంగతి. మా మేస్త్రీ మామయ్య తాపీ పట్టుకుంటే మరుగుదొడ్డి వారంలో లేస్తుంది. కానీ ఆయన పట్టకూడదు. పని వాలంటీర్లే చెయ్యాలని రూలు. అందుకని ఇసుక గుట్ట మీద కూర్చుని చూస్తుంటాడు.

గోడ ఎలా ఉందని ఒకరోజు వాలంటీర్లు నా చేత ఆయన్ని అడిగించారు.

"ఇలా తల పక్కకి వాల్చి చూస్తే నిటారుగానే ఉందని చెప్పు" అన్నాడు మామయ్య.

నిటారుగా ఉందట అన్నాను. చప్పట్లు కొట్టారు.

గోడ నడుము ఎత్తు లేచేసరికి మూడు వారాలు అయిపోతాయి. కౌగిలింతలు, కన్నీళ్ళు, ఫొటోలు. మరుసటి ఏడు కొత్త జట్టు. వాళ్ళు పాత గోడ మీద ఇటుక పెడతారా? ఎవరో మొదలుపెట్టిన పుణ్యంలో వాటా కోసం అంత దూరం నుంచి రావాలా? పక్కనే కొత్త పునాది! ఇప్పటికి నాలుగు. ఒక్క బడికి నాలుగు మరుగుదొడ్లు ఏ ఊళ్ళో ఉన్నాయి? కప్పు, తలుపు, గొట్టాలు లాంటి చిల్లర వివరాలు వదిలెయ్యండి.

పైగా ఏదీ వృథా పోలేదు. మొదటిదాంట్లో హెడ్మాస్టరుగారి సైకిలు ఉంటుంది. రెండోదాంట్లో కోళ్ళు. మూడోదాని గోడ మీద పెద్దమనుషులు కూర్చుని నాలుగోదానికి వంకలు పెడుతుంటారు.

మామయ్యే ఒకసారి నోరు జారాడు. "గోడలు మేం కట్టుకుంటాం. తలుపూ గొట్టాలూ పంపిస్తే చాలని చెప్పమ్మా."

ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. జట్టు నాయకుడి మొహం చిన్నబోయింది. నిజమే కదా, గొట్టాలు పంపితే మనుషుల మధ్య అనుబంధం ఎలా పెరుగుతుంది?

వెళ్ళేరోజు మా ఇంటి అతిథి బడికొచ్చి, పెద్దయ్యాక ఏమవుతావని చెల్లిని అడిగింది.

"మీలాగే వాలంటీర్ని అవుతా. మీ దేశం వస్తా" అంది చెల్లి.

అనువదించాను. అమ్మాయి కళ్ళు చెమర్చాయి. వచ్చి మాకేం చేసిపెడతావని అడిగింది.

"ఏమీ చెయ్యను. సాయంత్రందాకా మీ బళ్ళో కూర్చుంటా. అక్కడ బాత్రూముకి తలుపుంటుందిగా."

దీన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలా అని వెతుక్కుంటుండగానే మధ్యాహ్నం బెల్లు కొట్టారు. చెల్లీ, దాని క్లాసు ఆడపిల్లలూ సంచులు తగిలించుకుని గేటు దాటారు. బడి వదిలేశారనుకుని ఆ అమ్మాయి అందరికీ సంతోషంగా చెయ్యి ఊపింది.