నైరుతి పన్ను

భీమవరంలో రొయ్యల చెరువులున్న పల్లంరాజుగారి కుడి దవడ పన్ను ఊడిపోతే, మొదట అందరూ దాన్ని పన్ను ఊడిపోవడమనే అనుకున్నారు. ఇంటి సిద్ధాంతి నరసింహమూర్తిగారు వచ్చి, రాజుగారిని తూర్పుముఖంగా నిలబెట్టి, నోరు తెరిపించి, సెల్‌ఫోను వెలుగులో పరిశీలించాకే అసలు సంగతి బయటపడింది. తూర్పుకు తిరిగిన మనిషికి కుడి దవడ వెనుక భాగం నైరుతి అవుతుంది. నైరుతిలో గొయ్యి! ఇంట్లో నైరుతి పల్లమైతేనే యజమాని నిలదొక్కుకోలేడు. అలాంటిది యజమాని నోట్లోనే పల్లమైతే ఇక చెప్పేదేముంది? తన చెరువులో రొయ్యలకు తెల్లమచ్చ రోగం ఎందుకొచ్చిందో ఆ క్షణంలో రాజుగారికి తేటతెల్లమైంది. మేత అమ్మినవాణ్ణి అనవసరంగా తిట్టానే అని నొచ్చుకున్నారు కూడా.

నిజానికి రాజుగారి బాధ వాస్తు గురించి కాదు, వేపుడు గురించి. భార్య ఉషారాణిగారు చేసే రొయ్యల వేపుడంటే ఆయనకు ప్రాణం. ఎడమవైపు పళ్లు ఎప్పటినుంచో జివ్వుమంటున్నాయి కాబట్టి, నమిలే భారమంతా కుడి దవడే మోసేది. ఇప్పుడు అదీ పోయింది. లారీలకు లారీలు రొయ్యలు పంపే మనిషి ఇంట్లో మెత్తగా మెదిపిన పెరుగన్నం తింటున్నారు. వంటింట్లోంచి వేపుడు వాసన వస్తే ఆయన కళ్లలో నీళ్లు తిరిగేవి. పాపం, ఈ ఒక్క విషయంలో మాత్రం మేము వెటకారం చేయడం లేదు.

పళ్ల డాక్టరు శాంతికుమార్‌గారు ఇంప్లాంటు వేద్దామన్నారు. దవడ ఎముకకు రంధ్రం చేసి, టైటానియం స్క్రూ బిగించి, ఎముక దాన్ని గట్టిగా పట్టుకున్నాక పైన పన్ను తొడుగుతారట. రాజుగారు సరేనన్నారు. తోడు వచ్చిన సిద్ధాంతిగారు మాత్రం కూర్చున్నచోటి నుంచి లేచిపోయారు.

"నైరుతిలో బోరు వేస్తారా! రాజుగారి మీద మీకేమన్నా పగ ఉందాండీ?"

"బోరు కాదండీ, చిన్న రంధ్రం. అరంగుళం కూడా ఉండదు."

"లోతు ఎంతైనా బోరు బోరేనండి."

ఉభయ శాస్త్రాల మధ్య చర్చలు సుహృద్భావ వాతావరణంలో సాగాయి. చివరకు పరిష్కారం కూడా సిద్ధాంతిగారే కనిపెట్టారు. రోగి పడమటికి తిరిగి కూర్చుంటే అదే దవడ ఈశాన్యమవుతుంది. ఈశాన్యంలో బోరు సకల శుభప్రదం. కాబట్టి తిప్పవలసింది కుర్చీని.

"మాకు ఇలాంటి పట్టింపులు లేవండీ, మేం లూథరన్ క్రైస్తవులం," అన్నారు డాక్టరుగారు.

"పట్టింపు మీకెందుకండీ? అది మాకుంది. మీరు కుర్చీ తిప్పండి చాలు," అన్నారు సిద్ధాంతిగారు.

కుర్చీకి నీళ్ల గొట్టాలు, కరెంటు తీగలు అన్నీ నేలలోంచే వచ్చాయి. అయినా రాజుగారి వెనక రొయ్యల రైతులందరి పళ్లూ ఉన్నాయని గుర్తొచ్చి, డాక్టరుగారు ప్లంబరుకు ఫోను చేశారు. పడమటిముఖంగా స్క్రూ బిగిసింది. ఎముక పట్టుకున్నాక, బరువు నైరుతిలోనే పడాలి కనుక, కుర్చీని మళ్లీ తూర్పుకు తిప్పి పన్ను తొడిగారు. ఈలోగా ఇదే కోరికతో వచ్చేవాళ్లు ఎక్కువైపోవడంతో, డాక్టరుగారు కుర్చీ కింద మోటారుతో తిరిగే దిమ్మె ఒకటి పెట్టించి, గుమ్మం మీద 'ఇచ్చట అన్ని దిక్కులకూ పళ్లు అమర్చబడును' అని బోర్డు కట్టించారు. విజ్ఞానం ఇలాగే ముందుకు సాగుతుంది.

పన్ను గట్టిపడిందని డాక్టరుగారు చెప్పిన రోజున ఉషారాణిగారు రొయ్యలు వేయించారు. రాజుగారు ఎప్పటి కుర్చీలో కూర్చుని ముద్ద కలిపి నోటిదాకా తెచ్చారు. శుభకార్యమని పిలిస్తే వచ్చిన సిద్ధాంతిగారు "ఆగండి!" అని కేకేశారు. ఆ కుర్చీది పడమటిముఖం. పడమటికి తిరిగితే కొత్త పన్ను ఈశాన్యంలో బరువవుతుంది.

"అయితే తూర్పుకు తిరుగుతానండీ," అన్నారు రాజుగారు దీనంగా.

"అమ్మమ్మా! పడమటికి కూర్చుని భోంచేస్తేనే సిరి నిలుస్తుందని, ఇల్లు కట్టినప్పుడు ఈ కుర్చీ వేయించింది నేనే కదండీ!"

"మీ శాస్త్రం చల్లగుండ, వేపుడు చల్లారిపోతోందండీ!" అని ఉషారాణిగారు విసుక్కున్నారు.

సిద్ధాంతిగారు కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించి, శరీరం పడమటికీ నోరు తూర్పుకూ ఉంటే ఏ దోషమూ లేదని తేల్చారు. రాజుగారు మెడ వెనక్కి తిప్పగలిగినంత తిప్పారు. ఉషారాణిగారు కుర్చీ వెనక్కి వెళ్లి ఒక రొయ్య అందించారు. కుడి దవడ కింద అది కరకరమంది. ఇన్ని నెలల తరువాత ఆ రుచి నాలుకకు తగిలేసరికి ఆయన నిజంగానే ఏడ్చేశారు. రెండో రొయ్యకు మెడ పట్టేసింది.

మెడకు పట్టీతో రాజుగారు చెరువు గట్టుమీద తిరుగుతున్న వారంలోనే రొయ్యల ధర పెరిగింది. ఎందుకు పెరిగిందో వ్యాపారులు ఏవేవో చెప్పారుగానీ ఎవరూ వినలేదు. చుట్టుపక్కల చెరువుల యజమానులంతా ఇప్పుడు మెడ వెనక్కి తిప్పుకునే భోంచేస్తున్నారు. మందుల షాపుల్లో మెడపట్టీలు దొరకడం లేదు.

ఇంతవరకు చదివి నవ్విన విజ్ఞులైన పాఠకులకు మనవి. తమరు ఇలాంటివి నమ్మరని మాకు తెలుసు. నమ్మకపోయినా, తమరు నవ్వింది ఏ దిక్కుకు తిరిగో ఇప్పుడే ఒకసారి చూసుకున్నారు కదూ?