మీ కంచంలో నా ముద్ద

ప్రపంచకప్‌కు ఖతార్ చేస్తున్న ఏర్పాట్లు బాగున్నాయో లేదో స్వయంగా చూసి చెప్పడానికి మంత్రి గజేందర్ గారు దోహా విచ్చేస్తున్నారని దోహా తెలుగు మహా సమన్వయ సమితి అధ్యక్షుడు సుధాకరరావు పత్రికలకు ప్రకటన పంపాడు. ఈ విషయంలో ఖతార్ ప్రభుత్వం మంత్రిగారి అభిప్రాయం అడిగినట్టు దాఖలాలు లేవు. అడిగేదాకా ఆగడం గజేందర్ గారి స్వభావమూ కాదు. సొంత జిల్లాలో స్టేడియం శంకుస్థాపన రాయి దగ్గరే ఆగిపోయి ఏళ్ళు గడుస్తున్నా, పరాయి దేశంలో స్టేడియాల బాగోగులు చూడటానికి బయల్దేరారంటే ఆయన మనసు ఎంత విశాలమో అర్థం చేసుకోవచ్చు.

ప్రకటనలో రెండో పేరా ఇంకా గొప్పది. మంత్రిగారికి 'మీ కంచంలో నా ముద్ద' అని ఒక పథకం ఉంది. ఆయన పేదవాడి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు, వాడి కంచంలో చెయ్యి పెట్టి ఒక ముద్ద తింటారు. ముద్ద లోపలికి దిగేసరికి వాడి కష్టాలన్నీ ఆయనకు బోధపడిపోతాయి. రాష్ట్రంలో విజయవంతమైన ఈ పథకాన్ని గల్ఫ్‌కు కూడా విస్తరిస్తున్నారు. అల్ తుమామాలోని ఒక సామాన్య ప్రవాసాంధ్రుడి గృహంలో ఒక నిరుపేద కార్మికుడితో మంత్రిగారు సహపంక్తి భోజనం చేస్తారు.

ఆ సామాన్య ప్రవాసాంధ్రుడు తనేనని మధుసూదన్‌కు ఆ ప్రకటన వాట్సాప్‌లో చదివితేగానీ తెలియలేదు.

మధుసూదన్‌ది తెనాలి. లుసైల్‌లో టవర్ కడుతున్న కంపెనీలో ప్లానింగ్ ఇంజనీరు. అల్ తుమామాలో ఒక విల్లాను ఓనరు ముక్కలు చేసి అద్దెకిస్తే, అందులో ఒక ముక్కలో భార్య భానుమతితో కాపురముంటున్నాడు. ఆ ముక్కకు రెండు బాత్రూములున్నాయి. రెండోదాంట్లో ఎవరూ స్నానం చెయ్యరు. అక్కడ మంచినీళ్ళ క్యాన్‌లో బీరు పులుస్తూ ఉంటుంది. సూపర్ మార్కెట్లో దొరికే మత్తు లేని మాల్ట్ డ్రింకులో పంచదార, బ్రెడ్డుకు వాడే ఈస్టు కలిపి, క్యాన్ మూతిలోంచి ఒక గొట్టం తీసి నీళ్ళ గ్లాసులో పెట్టాడు. అది బుడబుడమంటుంటే ముక్కాలిపీట వేసుకుని ఎదురుగా కూర్చునేవాడు. ఆఫీసులో తిన్న చీవాట్లన్నీ ఆ బుడగలతోపాటు పోయేవి.

ఆ దేశంలో అది నేరం. పట్టుబడితే ముందు జైలు, తరవాత విమానం. అందుకని వాసన గురించి ఎవరైనా అడిగితే దోసెల పిండి బాగా పులిసిందని భానుమతి చెప్పేది. రోజూ దోసెలేనా అని పక్క ముక్కలవాళ్ళు ఎప్పుడూ అడగలేదు. తెలుగువాళ్ళ గురించి వాళ్ళకు ముందునుంచీ ఒక అంచనా ఉంది.

ఈ రహస్యం బయట ఒక్క సుధాకరరావుకే తెలుసు. శుక్రవారం మధ్యాహ్నం అల్ ఘర్రాఫాలో ఎవరో ఒకరి ఖర్చుతో అరబ్బుల మందీ బిర్యానీ తిని, సాయంత్రం మధుసూదన్ ఇంట్లో గ్లాసు పట్టుకుని కూర్చుని సమాజసేవ గురించి మాట్లాడటం ఆయన అలవాటు. ఆ సేవలో భాగంగానే ఇప్పుడు ఫోన్ చేశాడు.

"మధూ గారూ, హోటల్ బార్‌లో కూర్చోవాలంటే గుమ్మం దగ్గర పాస్‌పోర్టు స్కాన్ చేస్తారు. సార్ పాస్‌పోర్టంటే రాష్ట్రం పరువు. దాన్ని మెషీన్‌లో పెట్టనిస్తామా? అందుకే మీ ఇల్లు."

పెట్టనివ్వకూడదని మధుసూదన్ కూడా ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే రెండో బాత్రూం సంగతి ఎవరికైనా పొరపాటున తెలిసే ప్రమాదం ఉందని సుధాకరరావు ఎంతో ఆవేదనతో చెప్పాడు. ఆ వెంటనే, సార్‌కు గానీ బీరు నచ్చిందంటే హైదరాబాద్‌లో మైక్రో బ్రూవరీ లైసెన్సు చిటికెలో పని అని కూడా చెప్పాడు. ఆ రాత్రి మధుసూదన్‌కు కలలో రాగి పీపాలు కనిపించాయి. వాటిమీద తన పేరుంది.

ఇక కావలసింది నిరుపేద కార్మికుడు. మంత్రిగారే కార్మికుల క్యాంపుకు వెళదామనుకున్నారుగానీ కంపెనీ పర్మిషన్ ఇవ్వలేదు. క్యాంపులోంచే ఒకణ్ణి తీసుకురమ్మన్నారు. మరీ చిక్కిపోయినవాడు వద్దు, మరీ పుష్టిగా ఉన్నవాడూ వద్దు, కెమెరాకు మధ్యరకం కావాలన్నాడు సుధాకరరావు. మధుసూదన్ తన సైట్లో స్కాఫోల్డింగ్ కట్టే పోశన్నను ఎంచాడు. ఈ కథలో అతను చేసిన మంచిపని ఏదైనా ఉంటే ఇదొక్కటే.

పోశన్నది జగిత్యాల దగ్గర పల్లె. అక్కడ గల్ఫ్ మొత్తానికీ దుబాయ్ అనే పేరు. భార్య గంగాబాయికి కడుపులో గడ్డ ఉందనీ, ఆపరేషన్ ఆలస్యం చేస్తే మంచిది కాదనీ డాక్టరు చెప్పి చాలా రోజులైంది. మొగుడు వచ్చి సంతకం పెడితేగానీ కత్తి దగ్గరికి పోనని ఆవిడ కూర్చుంది. పిల్లల్లేరు, అత్తమామల్లేరు, రేపు బల్లమీద ఏమన్నా అయితే దిక్కెవరని ఆవిడ భయం. పోశన్న పాస్‌పోర్టేమో కంపెనీ సొరుగులో ఉంది. టోర్నమెంట్ పనులు అయ్యేదాకా సెలవు మాఫీ, అడిగినా మాఫీ అన్నారు. అరబ్బీలో మాఫీ అంటే లేదని. ఇండియా నుంచి వచ్చిన మంత్రి ఎంబసీకి ఒక్క ఫోన్ చేసి, ఎంబసీ కంపెనీకి ఒక్క ఫోన్ చేస్తే ఆ సొరుగు తెరుచుకుంటుందని మధుసూదన్‌కు తెలుసు.

మంత్రిగారు దిగారు. దిగిన రోజునుంచే తనిఖీలు మొదలుపెట్టారు. ఎండ దృష్ట్యా, స్టేడియం కనిపించే హోటల్లో కూర్చుని స్టేడియాన్ని తనిఖీ చేయడమనే కొత్త పద్ధతి పాటించారు. ఒక స్టేడియాన్ని షవర్మా తింటూ, ఇంకోదాన్ని మందీ తింటూ, మూడోదాన్ని కరక్ చాయ్ తాగుతూ పరిశీలించారు. నాలుగోది ఏ హోటల్ కిటికీలోంచీ కనిపించకపోయేసరికి డిజైన్‌లో లోపముందని గమనించి చెప్పారు.

భోజనం రోజు మధ్యాహ్నం అల్ తుమామాలో వాళ్ళ వీధిలో మున్సిపాలిటీ బండి ఆగింది. విల్లాలను ముక్కలు చేసి అద్దెకిస్తున్నవాళ్ళ మీద తనిఖీకి వచ్చిన బండి అది. భానుమతి కిటికీలోంచి చూసింది. మొగుడు జైల్లో ఉన్నట్టు, తను సామాను సర్దుకుంటున్నట్టు ఆవిడ కళ్ళకు కట్టింది. బండి నాలుగిళ్ళు అవతలకు వెళ్ళేలోపు క్యాన్ మొత్తం బాత్రూంలో ఒలకబోసి ఫ్లష్ నొక్కేసింది.

సాయంత్రం మధుసూదన్ వచ్చి, మంత్రిగారి కోసం భానుమతి నింపిపెట్టిన సీసా ఒకటి తెరిచి రుచి చూశాడు. కాసేపు నాలుక చప్పరిస్తూ నిలబడ్డాడు.

"మెంతులు," అంది భానుమతి. "మాల్ట్ డ్రింకులో సోడా కలిపి, మెంతులు నానబెట్టిన నీళ్ళు పోశానండీ. చేదు ఉండాలిగా మరి. షుగర్ ఉన్నవాళ్ళకి మంచిది కూడా."

అసలుది ఏమైందని అడిగి, జవాబు విని, మధుసూదన్ సీసాకు మళ్ళీ మూత బిగించాడు. ఏడవాలో కోప్పడాలో తేల్చుకునేలోపు బయట కార్ల తలుపులు టపటపా పడ్డాయి.

మంత్రిగారు మొదటి గుక్క తాగి కళ్ళు మూసుకున్నారు. జర్మనీలో అధ్యయన యాత్రకు పోయినప్పుడు తాగింది అచ్చం ఇదే రుచి అని ఆయన తేల్చారు. సుధాకరరావు అవునవునని తలూపాడు. ప్రతి శుక్రవారం అసలు బీరు తాగే మనిషి మెంతినీళ్ళు తాగుతూ, ఈసారి బ్యాచ్ కాస్త స్ట్రాంగని హెచ్చరించాడు. రెండో సీసాకు మంత్రిగారి నాలుక బరువెక్కింది. మూడో సీసాకు ఆయన గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టారు. వంటింటి తలుపుసందులోంచి చూస్తున్న భానుమతికి మెంతుల మీద కొత్త గౌరవం కలిగింది.

చాపమీద కంచాలు పెట్టారు. పోశన్న ఉతికిన చొక్కా వేసుకుని, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. మటన్ వడ్డించారు. పథకం ప్రకారం మంత్రిగారు పోశన్న కంచంలో చెయ్యి పెట్టి, ముక్క కలిసిన ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నారు. ఫొటోలో మంత్రిగారి కళ్ళు మూతపడ్డాయని ఫొటోగ్రాఫరు ఇంకోసారి అన్నాడు. ఇంకో ముద్ద తీశారు. ఈసారి పోశన్న నవ్వలేదు. ఇంకోటి తీశారు. సుధాకరరావు మోచెయ్యి అడ్డం వచ్చింది. ఫొటో కుదిరేసరికి పోశన్న కంచంలో ముక్క అన్నది లేదు. అతను పులుసన్నం తింటూ, మంత్రిగారు ఆగిన సందు చూసుకుని గంగాబాయి సంగతి మెల్లగా చెప్పాడు.

మంత్రిగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంగిలి చేత్తోనే పోశన్నను దగ్గరికి లాక్కున్నారు.

"తమ్మీ, నీ పెండ్లామంటే నాకు చెల్లె. రేపు పొద్దుగాల ఎంబసీకి నేనే ఫోన్ కొడ్త. నువ్వు నాతోని, నా ఫ్లైట్లనే, నా పక్క సీట్ల కూసోని వస్తున్నవ్. ఇది గజేందర్ మాట."

పోశన్న ఎడమచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఊపులోనే మంత్రిగారు బ్రూవరీ లైసెన్సు కూడా ప్రకటించారు.

మర్నాడు ఎంబసీకి ఫోన్ వెళ్ళలేదు. మధుసూదన్ మధ్యాహ్నందాకా చూసి సుధాకరరావుకు ఫోన్ చేశాడు. సుధాకరరావు జాలిగా నవ్వాడు. రాత్రి సార్ కాస్త పుచ్చుకుని ఉన్నారనీ, మందు మీద అన్న మాట తెల్లారాక పట్టుకుని అడగడం పెద్దమనిషి తరహా కాదనీ, అది మనవాళ్ళలో ఎప్పటినుంచో ఉన్న మర్యాదనీ వివరించాడు. అంబులెన్సులు, వంతెనలు, మెడికల్ కాలేజీలు ఎన్నో సార్ ఆ స్థితిలో ఇచ్చారు, ఒక్కరూ అడగలేదన్నాడు.

మధుసూదన్ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, ధైర్యం చేశాడు. సీసాల్లో మందు లేదని, భానుమతి ఒలకబోసిందని, మంత్రిగారు తాగింది మెంతినీళ్ళని చెప్పేశాడు.

అవతల సుధాకరరావు గొంతు సవరించుకున్నాడు.

"మధూ గారూ, తాగి అన్న మాట అంటే సార్ మర్చిపోయారని అర్థం. తాగకుండా అన్నారంటే సార్ మాట తప్పారని అర్థం. మీరు ఒక మంత్రి మీద ఎంత పెద్ద ఆరోపణ చేస్తున్నారో ఆలోచించండి. అన్నట్టు, లైసెన్సు మాటో? అదీ మెంతినీళ్ళ మీద అన్నదేనా?"

మధుసూదన్ ఆలోచించాడు. రాగి పీపాలు ఒకసారి కళ్ళముందు కదిలాయి. తన నాలుకకే తేడా తెలిసి ఉండదని, భానుమతి చెప్పిందంతా నిజం కాకపోవచ్చని అన్నాడు. అలా అన్నందుకు సిగ్గుపడ్డాడు కూడా. సిగ్గుపడ్డాక మనసు కాస్త తేలికైంది.

సైట్లో పోశన్నను పక్కకు పిలిచి, మంత్రిగారు రాత్రి మందులో ఉన్నారని చెప్పాడు. పోశన్న తలూపాడు.

"తాగి అన్న మాట మా దిక్కు గూడ పట్టుకోరు సార్," అన్నాడు. "నాదే తప్పు. నమ్మిన."

మంత్రిగారి తిరుగు ప్రయాణం రోజు సుధాకరరావు మళ్ళీ ఫోన్ చేశాడు. వీడ్కోలు ఫొటోకు పోశన్న కావాలన్నాడు. చేతిలో ఒక పెట్టె ఉంటే ఫొటోకు నిండుదనం వస్తుందన్నాడు. పోశన్నకు పెట్టె లేకపోతే మధుసూదన్ తన అటక మీది నీలం సూట్‌కేసు ఇచ్చాడు. మరీ తేలిగ్గా ఊగుతోందని భానుమతి అందులో రెండు దుప్పట్లు కుక్కింది. ఎయిర్‌పోర్టు అద్దాల తలుపుల ముందు మంత్రిగారు పోశన్న భుజంమీద చెయ్యి వేశారు. ఫొటో ఒక్క దెబ్బకే కుదిరింది. మంత్రిగారు లోపలికి వెళ్ళారు. పోశన్న సూట్‌కేసుతో మధుసూదన్ కారు వెనకసీట్లో కూర్చుని క్యాంపుకు వెళ్ళాడు.

ఫొటో పేపర్లో పెద్దగా పడింది. గల్ఫ్‌లో చిక్కుకున్న బిడ్డను వెంటబెట్టుకొస్తున్న మంత్రి అని పైన రాశారు. మంత్రిగారు మెంతినీళ్ళ కంటే బలమైనదేమీ ముట్టుకోకుండా ఆతిథ్య దేశపు చట్టాన్ని గౌరవించారని కింద ఇంకో వార్త కూడా పడింది. అది సుధాకరరావు రాసి పంపిందే.

ఆ మధ్యాహ్నమే లుసైల్ సైట్లో మధుసూదన్ హెల్మెట్ పెట్టుకుని, లైసెన్సు సంగతి ఎంతవరకు వచ్చిందో సుధాకరరావుకు మెసేజ్ కొడుతుండగా పైనుంచి పోశన్న దిగి వచ్చాడు. రెండు చేతులకూ సిమెంటు ఉంది. ఫోన్ మోగుతోంది, ఎత్తిపెట్టమని అడిగాడు. మధుసూదన్ అతని జేబులోంచి ఫోన్ తీసి స్పీకర్ నొక్కి పట్టుకున్నాడు. గంగాబాయి గొంతు ఇన్నాళ్ళూ లేనంత హుషారుగా ఉంది.

"పేపర్ల నీ ఫొటో మా డాక్టరమ్మకు సూపెట్టిన. సంతకానికి మీ ఆయన వస్తనే ఉన్నడు గదా అని ఇయ్యాలనే దవాఖాన్ల మంచమిచ్చిన్రు. రేపు పొద్దుగాలనే ఆపరేషనట. నాకిప్పుడు బుగులే లేదు. దుబాయ్ కెల్లి దిగినవా? ఏడిదాక వచ్చినవయ్యా?"

పోశన్న మధుసూదన్ మొహంలోకి చూశాడు. మధుసూదన్ ఫోన్ పట్టుకున్న తన చెయ్యి చూసుకున్నాడు.

"దగ్గర్లకే వచ్చిన," అన్నాడు పోశన్న.