పళ్ల డాక్టరు కట్టిన రౌటరు

ఆ రోజు ఉదయం పళ్ల డాక్టరుగారి ఇంట్లో కార్యక్రమం చాలా చిన్నది. పదకొండు గంటలకు ఆయన భార్య లాప్‌టాప్ ముందు కూర్చుని ఇంటర్వ్యూ ఇవ్వాలి. అంతే. అత్తగారు జారిపడి మంచం పట్టినప్పుడు ఆమె ఉద్యోగం మానేసింది. అత్తగారు లేచి తిరగడమే కాదు, ఇప్పుడు అందరినీ తిప్పుతోంది కూడా. అయిదేళ్ల తర్వాత ఒక పెద్ద కంపెనీ ఫిర్యాదుల విభాగం చూసుకోవడానికి ఆమెను పిలిచింది. ఇది పోతే ఈ వయసులో మళ్లీ ఎవరు పిలుస్తారన్న దిగులు ఆమెకు పట్టుకుంది.

ముందురోజు సాయంత్రం ఆమె రిహార్సల్ చేసుకుంటుంటే ఇంట్లోని రౌటరు మూడుసార్లు మొరాయించింది. తెర మీద ఆమె బొమ్మ కదలకుండా నిలిచిపోయింది, అదీ నోరు తెరిచి ఉన్నప్పుడు. అది చూసి డాక్టరుగారి మనసు కరిగింది. ఆయన మనసు కరిగినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి విరుగుతుందని ఆవిడకు అనుభవమే.

"వీధి చివర కొట్లో కొత్తది దొరుకుతుందండీ, తెచ్చి పెట్టండి" అంది పొద్దున్నే.

"కొనడమెందుకు? అటక మీద పాత కంప్యూటరుందిగా, దాన్నే రౌటరు చేసేస్తా. దానికి కావలసిన సాఫ్ట్‌వేరు ప్రపంచంలో ఎవరెవరో కలిసి రాసి ఊరికే ఇస్తున్నారట. మీ తమ్ముడే చెప్పాడు. అరగంట పని!"

"పదకొండుకి నా ఇంటర్వ్యూ."

"పదికల్లా నీ నెట్టు గుర్రంలా పరిగెత్తకపోతే నన్నడుగు."

డాక్టరుగారు చేతులకు తొడుగులు, నుదుటికి దీపం తగిలించుకుని కంప్యూటరు మూత తీశారు. "అబ్బే, చాలా నిర్లక్ష్యం చేశారమ్మా" అని అలవాటు కొద్దీ గొణిగి, లోపలి దుమ్మంతా బ్రష్షుతో తోమారు. పెన్‌డ్రైవు నుంచి సాఫ్ట్‌వేరు ఎక్కించారు. న్యాయంగా చెప్పుకోవాలంటే అంతవరకూ పని వంక పెట్టడానికి లేకుండా సాగింది. నెట్టు వాడబోయేవాళ్లకు ముందుగా తెర మీద ఒక స్వాగత పత్రం చూపించవచ్చని తెలిసేసరికి ఆయనకు సరదా పుట్టింది. "స్వాగతం! మీ పళ్లు ఎలా ఉన్నాయి?" అని రాసి, కింద తన ఆస్పత్రి వేళలు కూడా వేసుకున్నారు.

చివరికి బావమరిది ఫోనులో చెప్పాడు. "బావా, పెట్టె వెనక రెండు సాకెట్లుంటాయి. కుడివైపుది బయటి లైనుకి, ఎడమవైపుది ఇంట్లో వైఫైకి. తారుమారు చెయ్యకు సుమా!"

"నాకు చెప్తావా? ముప్ఫై ఏళ్లలో కుడి పన్ను బదులు ఎడమ పన్ను పీకానా ఎప్పుడైనా?"

పీకలేదు, నిజమే. కానీ ఆ ముప్ఫై ఏళ్లూ ఆయన ఎదురుగా నోరు తెరిచినవాళ్ల కుడినే కుడి అనుకుంటూ వచ్చారు. రోగి కుడి దవడంటే ఆయన ఎడమచేతి వైపు. ఇప్పుడు కూడా తనకేసి చూస్తున్న పెట్టెకు ఏది కుడో అందులోనే బయటి లైను గుచ్చి, తృప్తిగా తొడుగులు విప్పేశారు.

ఆ భవనంలో పన్నెండు ఇళ్లకూ ఒకటే నెట్టు. మెట్ల కింద పెట్టెలోంచి ఇంటింటికీ ఒక తీగ వెళ్తుంది. తీగలు తారుమారయ్యేసరికి, బయటి నుంచి నెట్టు పుచ్చుకోవలసిన డాక్టరుగారి కంప్యూటరు, నెట్టు నా దగ్గరే ఉంది రండి రండి అని పన్నెండు ఇళ్లనూ పిలవడం మొదలుపెట్టింది. వచ్చినవాళ్లకు ఇవ్వడానికి దాని దగ్గర ఆ స్వాగత పత్రం తప్ప ఏమీ లేదు.

పదిన్నరకు అత్తగారు కేక పెట్టింది. "ఒరేయ్, నా సీరియల్లో పెళ్లి ఆగిపోయిందిరా!"

పదీ నలభైకి తలుపు దబదబా మోగింది. బయట భవనం సెక్రటరీ, రిటైరైన హెడ్మాస్టరు. ఆయన వెనక మెట్ల నిండా జనం.

"డాక్టరుగారూ, ప్రచారానికి కూడా ఒక హద్దుండాలి! అందరి నెట్టూ ఆపేసి పళ్లెలా ఉన్నాయని అడుగుతారా? నావి కట్టుడు పళ్లని మీకు తెలీదూ?"

"మా ఆఫీసు మీటింగు మధ్యలో పోయిందండీ!" అని ఒకావిడ అరిచింది.

డాక్టరుగారు గబగబా నుదుటి దీపం తీసి జేబులో పెట్టుకున్నారు. ఆయన భార్యకు మాత్రం ఏడుపొచ్చింది. "మీకు దణ్ణం పెడతాను, ఇంకో ఇరవై నిమిషాల్లో నా ఇంటర్వ్యూ, నా నెట్టు నాకిచ్చెయ్యండి" అంది. ఆ గోడల మధ్య ఫోను సిగ్నలు మాటల వరకే వస్తుంది, బొమ్మ రాదు. అంతలో ఆమె ఫోను మోగింది.

"అమ్మా, ఇంటర్వ్యూ తీసుకోవలసింది నేనే. కొంచెం ఆలస్యమవుతుంది, ఏమీ అనుకోకండి" అంది గొంతు. "పోయిన వారమే ఈ ఇంట్లో దిగాను. ఇక్కడ ఎవడో తలమాసిన పళ్ల డాక్టరు భవనమంతా నెట్టు పీకేశాడు!"

ఆ మాటలు ఆమెకు ఒక చెవిలో ఫోనులోంచి, రెండో చెవిలో మెట్ల మీంచి వినిపించాయి. తల తిప్పి చూసింది. జనం మధ్య నాలుగో అంతస్తు కొత్తాయన చెవికి ఫోను ఆనించుకుని నిలబడి ఉన్నాడు.

తలుపు వేసేసుకుంటే తను ఆ డాక్టరు భార్యనని ఆయనకు తెలియదు. ఉద్యోగం దక్కినా దక్కవచ్చు.

"ఆ తలమాసినాయన మా ఆయనేనండి" అంది, ఫోను దింపి, ఆయన మొహంలోకే చూస్తూ. "పది నిమిషాలివ్వండి. మీలో మీటింగులున్నవాళ్లు ముందుకు రండి. మాస్టారూ, మిగతావాళ్లకి కుర్చీలు వేయించండి, తిట్లు తర్వాత వరసలో తిడుదురుగాని. ఏమండీ, ఇలా రండి. బయటి లైను ఎందులో పెట్టారు?"

"కుడివైపు."

"ఎవరి కుడి?"

డాక్టరుగారు పెట్టెను చూశారు, తన చేతులు చూసుకున్నారు. "దాని కుడి" అన్నారు నీరసంగా.

ఆమె రెండు తీగలూ పీకి ఇటుదటు అటుదిటు మార్చింది. అందరి చేతా ఫోన్లలో వైఫై ఆపించి మళ్లీ పెట్టించింది. రెండు నిమిషాల్లో మెట్ల నిండా ఫోన్లు టింగుటింగుమన్నాయి. లోపల సీరియల్లో పెళ్లి కూడా అయిపోయింది. జనం కదిలారు. కొత్తాయన కదల్లేదు.

"ఇంటర్వ్యూ..." అంది ఆమె, పోయిందనే అనుకుంటూ.

"ఒకేసారి పదిమంది మీదపడి అరిస్తే ఏం చేస్తారు, తప్పు మన వాళ్లదే అయితే ఏం చెప్తారు? నేను అడగాలనుకున్నవి ఈ రెండేనమ్మా" అన్నాడాయన. "ఇంక అడగడానికేం లేదు."

వారానికి నియామక పత్రం వచ్చింది. ఆమె రెండుసార్లు చదువుకుని, కళ్లు తుడుచుకుని భర్త చేతిలో పెట్టింది. ఆయన ఆనందంగా పైనుంచి కిందిదాకా చదివారు. ఆ విభాగంలో అందరికీ ఇంటి నుంచి పనిచేసే వీలుందట, ఈమె ఒక్కర్తే రోజూ ఆఫీసుకు రావాలట.

"ఇదేం అన్యాయం? కారణం చెప్పొద్దూ?" అన్నారు డాక్టరుగారు.

చెప్పారు. ఆ పక్క గడిలో, కారణం అన్న చోట, "భర్త" అని రాసి ఉంది.