బట్టమేక పిట్ట పర్మిట్

ధర్మారావు గారి ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి ఇడ్లీ, పదింటికి చిక్కడపల్లిలో ఆటో, పదిన్నరకి బషీర్‌బాగ్ కస్టమ్స్ ఆఫీసులో పర్మిట్ మీద ఒక ముద్ర. ఆ ముద్ర పడితే ఎయిర్‌పోర్టు గోడౌన్లో ఉన్న బట్టమేక పిట్ట, ఆయన పనిచేసే నారాయణగూడ కాలేజీ మ్యూజియానికి వస్తుంది. ఒంటిగంటలోగా పడకపోతే పర్మిట్ గడువు తీరిపోయి, పిట్ట వచ్చిన దేశానికే తిరిగి విమానమెక్కుతుంది.

పిట్ట బతికున్నది కాదు. నూట పదేళ్ల కిందట కర్నూలు పక్క ఎవరో దొర కాల్చి, దూది కుక్కి, తన దేశానికి పట్టుకుపోయాడు. కాల్చినవాడిని ఒక్క కాగితం అడిగిన పాపాన పోలేదెవరూ. రక్షిత జాతి కదా అని, పరిశోధనకి అరువు తెచ్చుకుంటున్న ధర్మారావు గారిని మాత్రం పద్నాలుగు నెలలు తిప్పారు. పైగా ప్రిన్సిపాల్ తేల్చి చెప్పేశాడు. పిట్ట వస్తే మ్యూజియం ఉంటుందట, రాకపోతే ఆ గదిలో గ్రూప్స్ కోచింగట. ధర్మారావు గారు ముప్పై ఏళ్లుగా దుమ్ము దులిపి కాపాడుకున్న గది అది.

బీరువా తెరిచిన ధర్మారావు గారు గుండె పట్టుకున్నారు. పర్మిట్ నిగనిగలాడుతోంది. నాలుగు మూలలా పసుపు.

"ఏమిటే ఇది?"

"లామినేషనండీ," అంది భార్య రాజ్యలక్ష్మి, మెచ్చుకుంటారేమోనని చూస్తూ. "నిన్న అశోక్‌నగర్ వెళ్లి చేయించాను. ఈ బీరువాలోనే మీ డిగ్రీ సర్టిఫికెట్ చెదలు తినలేదూ? చెప్పులరిగేలా తిరిగి తెచ్చుకున్న కాగితాన్ని అలా వదిలేస్తానా?"

ఆయన కస్టమ్స్ ఆఫీసరు మనోరమకి ఫోన్ చేశారు.

"ప్లాస్టిక్ మీద ముద్ర నిలవదు సార్," అందావిడ. "ఒరిజినల్ కాగితం మీదే పడాలి. ఒంటిగంటకి కౌంటర్ మూసేస్తాం."

"ఇస్త్రీపెట్టెతో వేడి చేస్తే ఊడొస్తుందేమోనండీ," అంది రాజ్యలక్ష్మి. ఆ సలహా విన్నందుకు ధర్మారావు గారు తర్వాత తనని తానే తిట్టుకున్నారు. ప్లాస్టిక్ ఊడలేదు సరికదా, ఇస్త్రీపెట్టెకి అంటుకుంది. లాగితే ప్రభుత్వ ముద్ర వచ్చేసింది. ఇంకాస్త లాగితే సంతకం వచ్చేసింది. పిట్ట పేరులో సగం మాత్రం మిగిలింది. ఇల్లంతా కమురు వాసన.

"నీ జాగ్రత్త తగలెయ్యా!" అని అరిచి, ఆ పీలికల్నీ, పులిహోర డబ్బా ఉన్న సంచీనీ పట్టుకుని ఆయన అశోక్‌నగర్ పరిగెత్తారు. అప్పటికి పదకొండున్నర దాటింది.

జిరాక్స్ షాపు ముందు హాల్‌టికెట్ల కోసం పిల్లలు బారులు తీరి ఉన్నారు. ధర్మారావు గారు వాళ్లని తోసుకుని వెళ్లి, షాపు ఓనరు రాజశేఖర్ ముందు పీలికలు పరిచారు. "బాబూ, నీకు పుణ్యముంటుంది, దీన్ని మళ్లీ కాగితం చెయ్యి!"

రాజశేఖర్ పీలికని వెలుతురుకి పట్టి చూశాడు. "ఇది ఒరిజినల్ కాదు సార్, కలర్ జిరాక్స్. ఉత్తగనే పరేషాన్ అయితున్రు. ఒరిజినల్‌కు ప్లాస్టిక్ ఎక్కిస్తే వెరిఫికేషన్ల తీసుకోరు. ఎంతమంది పిల్లలు ఈడ నిలవడి ఏడ్చిన్రో! అందుకే నేను జిరాక్స్‌నే లామినేషన్ చేస్త. ఒరిజినల్ అమ్మ చేతికే ఇచ్చిన."

పోయిన ప్రాణం లేచొచ్చింది. ధర్మారావు గారు ఇంటికి ఫోన్ చేశారు. "రాజ్యం! షాపులో ఇంకో కాగితం కూడా ఇచ్చారా?"

"ఆ, జిరాక్సు."

"అదే ఒరిజినల్! ఎక్కడుంది?"

"తిట్టనంటే చెప్తాను."

"చెప్పవే తల్లీ!"

"మీ సంచీలోనే ఉందండీ. నూనె కారుతుందని పులిహోర డబ్బాకి చుట్టాను."

దోమలగూడ ట్రాఫిక్‌లో ఆటో నత్తలా పాకింది. ఆయన కౌంటర్ దగ్గరికి చేరేసరికి పన్నెండూ నలభై ఐదు. మనోరమ కాగితాన్ని వేలికొసలతో అందుకుంది. ముద్ర వెయ్యాల్సిన గడిలోనే నూనె మరక, అరచేయంత.

"నూనె మీద సిరా అలుక్కుపోతుంది సార్. ముద్ర కనబడకపోతే గోడౌన్లో పిట్టనివ్వరు. ఏమీ చెయ్యలేను."

ధర్మారావు గారికి నిజంగానే ఏడుపొచ్చింది. ముప్పై ఏళ్ల గదిని పులిహోర మింగేసింది. కళ్లు తుడుచుకుంటూ మరక వైపు చూసి, ఠక్కున తలెత్తారు.

"అమ్మా, మీ దగ్గర పౌడర్ ఉందా?"

"ఎందుకు సార్?"

"మ్యూజియంలో దూది కుక్కిన పిట్టల తోలుకి కొవ్వు ఊరుతుందమ్మా. ముప్పై ఏళ్లుగా పౌడర్ చల్లే తీస్తున్నాను. ఇది మాత్రం ఎంత?"

ఆవిడ అనుమానంగానే హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. ఆయన పౌడర్ చల్లి, అదిమి, రుమాలుతో దులిపారు. మళ్లీ చల్లారు. ఆఫీసంతా చుట్టూ మూగింది. మూడోసారికి కాగితం పొడిగా తేలింది. పన్నెండూ యాభై ఎనిమిదికి ముద్ర పడింది, అక్షరం అక్షరం చదవగలిగేలా.

"జాగ్రత్త సార్," అంది మనోరమ. "పిట్టని తిప్పి పంపేటప్పుడు ఈ ఒరిజినలే చూపించాలి."

మర్నాటికి పిట్ట అద్దాల పెట్టెలో కూర్చుంది, ప్రిన్సిపాల్ కోచింగ్‌కి వేరే గది వెతుక్కున్నాడు. సాయంత్రం ధర్మారావు గారు పర్మిట్ తీసుకుని ఇంటికొచ్చేసరికి రాజ్యలక్ష్మి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నేను ముట్టుకోను బాబూ. ఎక్కడ దాచుకుంటారో మీ ఇష్టం."

ఆయన బీరువాని చూశారు. ఇస్త్రీపెట్టెని చూశారు. తర్వాత పర్మిట్‌ని నాలుగు మడతలు పెట్టి, పులిహోర డబ్బా కింద పెట్టుకున్నారు.

ఆ ఇంట్లో ఇంతవరకు కాగితం, మరక పడినా సరే, బతికి బయటపడ్డ చోటు అదొక్కటే.